సంక్రాంతి సెలవుల్లో చిన్న తరగతుల పనులు, బడి గోడకు సింగారం

ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లల అమ్మానాన్నలకు, అవ్వాతాతలకు ఇది రాస్తున్నాను. చదవడం వచ్చిన పిల్లకాయలు తామే చదువుకోవచ్చు. మన హోసూరు ప్రాంతపు బడులకు డిసెంబరు చివరలో అరసంవత్సరపు సెలవులు, జనవరి నడుమ నాలుగైదు రోజులు పొంగలు సెలవులు వస్తాయి. ప్రతి ఏడూ అడిగే ప్రశ్న ఒకటే: "సార్, సెలవులకు హోంవర్కు ఏమిస్తారు?" ఈ వ్యాసం దానికి జవాబు. ఏ ఏడైనా పనికొచ్చేట్టు రాశాను, దాచుకోండి.

ముందు ఒక మాట తేల్చుకుందాం. పాఠం పదిసార్లు చూసిరాయడం, ఎక్కం ఇరవైసార్లు రాయడం మా చిన్న తరగతుల్లో సెలవు పని కాదు. అది చేతికి నొప్పి, పండక్కి చేటు. చివరి రోజు రాత్రి అక్కో అమ్మో రాసిపెట్టే పుస్తకం నాకు చూడగానే తెలిసిపోతుంది.

మన పిల్లల సంగతి వేరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కన్నడం, టీవీలోనూ ఫోన్లోనూ అన్నీ కలిపి. తమిళనాడు తమిళ అభ్యసన చట్టం 2006లో వచ్చింది. తమిళం ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున పైకి పోయి 2015-16కు పదో తరగతి దాకా తప్పనిసరి అయింది. ఈ నేల మీద బతికే పిల్లలకు తమిళం బాగా రావాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. అయితే తెలుగు అక్షరం కంటబడే చోటు మాత్రం ఇంచుమించు బడి ఒక్కటే అయిపోయింది. అంగడి బోర్డు మీద లేదు, బస్సు మీద లేదు. పిల్లవాడి నోట్లో తెలుగు ఉంది, కంటి ముందు లేదు. రెండూ కలిసే రోజులు ఏడాదిలో కొన్నే. సంక్రాంతి వాటిలో మొదటిది. ఎందుకంటే ఆ నాలుగు రోజులూ అవ్వలు, తాతలు, అత్తలు, మామలు ఒకచోట చేరి, మామూలు రోజుల్లో ఇంట్లో వినిపించని మాటలు మాట్లాడతారు. ఆ మాటలు బడికి రావాలి. మా పనులన్నీ దానికోసమే.

ముగ్గు మాటలో ఉన్న ఒత్తు

పండుగ మాటలు కొన్ని రాసి చూడండి: ముగ్గు, ఎద్దు, నువ్వులు, బెల్లం, అన్నం, పొయ్యి, గొబ్బెమ్మ, గుమ్మడికాయ. ఏం కనిపించింది? ప్రతి మాటలోనూ అదే హల్లుకు అదే ఒత్తు. రెండో తరగతి పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. ఒత్తుల పాఠానికి సంక్రాంతికి మించిన వాచకం లేదు.

తమిళం, తెలుగు రెండూ ఒకేసారి నేర్చుకునే పిల్లలకు ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది, తమిళంలో ఒత్తు కింద రాయరు. మొదటి అక్షరం మీద చుక్క పెట్టి రెండోది పక్కన రాస్తారు. ఆ అలవాటుతో పిల్లలు ముగ్గును "ముగ్‌ గు" అని పక్కపక్కన రాస్తారు. అది మందబుద్ధి కాదు, ఒక లిపి తెలివిని ఇంకో లిపిలో వాడడం. తిట్టకండి. "తమిళంలో పక్కింట్లో ఉంటాడు, తెలుగులో కింద అరుగు మీద కూర్చుంటాడు" అని చెబితే ఒకటో తరగతి పిల్లకు కూడా అర్థమవుతుంది.

రెండోది, తమిళంలో క, గ రెంటికీ ఒకే అక్షరం. త, ద లకు కూడా అంతే. అందుకని పిల్లలు నోటితో ముగ్గు అని సరిగ్గానే పలికి, ముక్కు అని రాస్తారు. ఎద్దు అని చెప్పి, ఎత్తు అని రాస్తారు. (కన్నడంలో ఎద్దును ఎత్తు అనే అంటారు, కాబట్టి పిల్లవాడు "నేను కరెక్టే" అని వాదించినా ఆశ్చర్యపోకండి.) దీనికి మందు చిన్నది: ముగ్గు–ముక్కు, ఎద్దు–ఎత్తు, గుడ్డు–గుట్టు. జతకు రెండు బొమ్మలు వేయించి, కింద మాట రాయించండి. గుట్టుకు బొమ్మ ఎట్లా వేస్తారో పిల్లలకే వదిలేయండి. చెవి దగ్గర గుసగుస చెప్పే బొమ్మో, మూసిన పెట్టె బొమ్మో తెస్తారు.

ఒత్తులకు ఒక వరుస పాటించండి. గ, ద, బ, వ, డ లకు ఒత్తు అంటే తలకట్టు లేని అదే అక్షరం, కాబట్టి ముగ్గు, ఎద్దు, గొబ్బి, నువ్వు, గుడ్డు ముందు. మ, ల, న, య లకు ఒత్తు రూపమే వేరు, కాబట్టి గుమ్మడి, బెల్లం, అన్నం, పొయ్యి తర్వాత. గొబ్బెమ్మలో రెండు రకాలూ ఉన్నాయి. దాన్ని చివరకు ఉంచండి. అది తప్పులేకుండా రాసిన పిల్ల ఒత్తుల్లో చాలా దూరం వచ్చినట్టే. సంక్రాంతి అనే మాటను ఒకటో తరగతి వాళ్లచేత రాయించనక్కర్లేదు. బొమ్మను గుర్తుపట్టినట్టు గుర్తుపడితే చాలు.

చుక్కల లెక్క

వాకిట్లో ముగ్గు ఎవరు వేస్తున్నా పిల్లలను పక్కన కూర్చోబెట్టండి. ఆడపిల్లలనే కాదు, మగపిల్లలను కూడా. చుక్కలు పెట్టడంలో ఉన్న లెక్క ఇద్దరికీ కావాలి.

ఒకటో తరగతికి మూడు వరుసలు, వరుసకు మూడు చుక్కలు. లెక్కపెట్టి తొమ్మిది అంటే ఆ రోజుకు చాలు. రెండో తరగతికి నడిమి వరుసలో 5, దానికి పైనా కిందా చుక్క కింద చుక్క వచ్చేట్టు 3, ఆ తర్వాత 1. మొత్తం 13. మూడో తరగతి వాళ్లను నడిమి వరుస 7తో మొదలుపెట్టి 5, 3, 1 అని తగ్గించమనండి. మొత్తం వేసేముందే ఊహించి పలకాలి. జవాబు 25. ఊహకూ లెక్కకూ ఎంత తేడా వచ్చిందో పుస్తకంలో రాసుకోవాలి. తేడా వస్తే మార్కులు పోవు.

ఇక సందు చుక్క ముగ్గు. ఇందులో రెండు చుక్కల నడిమి సందులో తర్వాతి వరుస చుక్క పడుతుంది, కాబట్టి వరుసకు ఒక్కటే తగ్గుతుంది. నడుమ 5, చివర 3 అయితే 19 చుక్కలు. నడుమ 7, చివర 4 అయితే 37. "అక్కడ రెండు తగ్గింది, ఇక్కడ ఒకటే తగ్గిందేం?" అని అడగండి. జవాబు మీరు చెప్పకండి. పిల్లలు నేల మీద వేలు పెట్టి చూసుకుని చెప్పాలి. గుణకారం రాకముందే వరుసల ఆలోచన వచ్చేది ఇట్లాగే.

చుక్కల చుట్టూ గీత తిరిగే మెలికల ముగ్గులో ఇంకో ఆట ఉంది. పెట్టిన వేలు ఎత్తకుండా, గీత మీదే పోయి మొదలుపెట్టిన చోటికి తిరిగి రాగలమా? కొన్ని ముగ్గులు ఒకే గీత, కొన్నింటిలో రెండు మూడు గీతలు పెనవేసుకుని ఉంటాయి. ఎన్ని గీతలో కనుక్కుని రంగు సుద్దతో వేరు చేయించండి. ఇది పిల్లల ఆట అని కొట్టేయకండి. మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ శిరోమణి, రాణి శిరోమణి, కమలా కృతివాసన్‌తో కలిసి 1974లో కోలాల మీద పరిశోధన పత్రం ప్రచురించారు. భాషకు వ్యాకరణం ఉన్నట్టే ముగ్గుకూ నియమాలు రాసి, ఆ నియమాలతో ముగ్గు పుట్టించవచ్చని చూపారు. కంప్యూటరు శాస్త్రం చదివేవాళ్లు ఇప్పటికీ ఆ పని గురించి మాట్లాడుకుంటారు. మీ వాకిట్లో అవ్వకు ఆ నియమాలు చేతిలోనే ఉన్నాయి.

జాగ్రత్త ఒకటి: పిల్లల చేతికి వరిపిండి గానీ సుద్దముక్క గానీ ఇవ్వండి. సున్నం వద్దు, కంట్లో పడితే ప్రమాదం. అంగట్లో దొరికే ముదురు రంగుల పొడులను చిన్నపిల్లలకు నేను ఇవ్వను. పసుపు, కుంకుమ, ఎండిన ఆకుల పొడి, ఇటుక పొడి చాలు.

అనపకాయలు

మన వైపు పండుగంటే అనపకాయల కాలం. పితికిపప్పు చెయ్యని ఇల్లు తక్కువ. ఈ పనికి పిల్లల వేళ్లంత మంచివి లేవు. రాత్రి నానబెట్టిన గింజను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టి పితికితే పప్పు జారి గిన్నెలో పడుతుంది, తోలు చేతిలో మిగులుతుంది. పెన్సిలు పట్టుకోవడానికి కావలసిన బలం ఆ రెండు వేళ్లదే. అక్షరాలు వణుకుతూ రాసే ఒకటో తరగతి పిల్లలకు కాపీ పుస్తకం కన్నా గిన్నెడు అనపగింజలు మేలని నా నమ్మకం.

రెండో తరగతి వాళ్లు పది కాయలు వలిచి, ఒక్కోదాంట్లో ఎన్ని గింజలున్నాయో కాగితం మీద గీతలు గీసి గుర్తుపెట్టుకోవాలి. ఎక్కువ కాయల్లో ఎన్ని వచ్చాయి? అన్నిటికన్నా తక్కువ ఎన్ని? బడి తెరిచాక అందరి కాగితాలూ కలిపి గోడ మీద పెద్ద పట్టిక వేస్తాము. పితకడం, వలవడం, నానడం, చెరగడం, ఏరడం: ఈ పనుల మాటలన్నీ చేస్తూ ఉండగానే పలికించండి. పని చేసిన చేతికి ఆ మాట మరిచిపోవడం కష్టం.

అవ్వనడిగి రాసుకురండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన పని. ప్రతి పిల్ల, పిల్లవాడు ఇంట్లో పెద్దవాళ్లను మూడు ప్రశ్నలు అడగాలి. మీ చిన్నప్పుడు పండక్కి ఏం వండేవాళ్లు? కనుమ నాడు గొడ్లకు ఏమేం చేసేవాళ్లు? ఇప్పుడు మేము వాడని మాట ఒకటి చెప్పు. ఒకటో తరగతి వాళ్లు బొమ్మ వేసి ఒక్క మాట రాస్తే చాలు. రెండో తరగతికి రెండు వాక్యాలు, మూడో తరగతికి అయిదారు.

అమ్మానాన్నలకు నా మనవి: అవ్వ చెప్పిన మాటను మీరు "పుస్తకం తెలుగు"లోకి మార్చకండి. అవ్వ మడక అంటే మడక అనే రాయాలి, నాగలి అని దిద్దకూడదు. గెనిమ అంటే గెనిమే, చెనిక్కాయ అంటే చెనిక్కాయే. అక్షరదోషం ఉంటే మేము దిద్దుతాము. మాటను దిద్దము. పాఠ్యపుస్తకంలోని మాట కూడా పిల్లలకు రావాలి, పరీక్షలో అదే కావాలి. అందుకని గోడ మీద రెండూ పక్కపక్కన పెడతాము: మడక–నాగలి, గెనిమ–గట్టు, చెనిక్కాయ–వేరుశెనగ. ఇంటిమాట తప్పు, బడిమాట ఒప్పు అని ఏడేళ్ల పిల్లకు ఒకసారి అనిపించిందంటే ఆ పిల్ల తరగతిలో నోరు తెరవడం తగ్గిస్తుంది. నోరు తెరవని పిల్ల చదవడంలోనూ వెనకబడుతుంది. తెలుగు చదువు పిల్లకు ఎక్కడంలేదని నాలుగో తరగతిలో బడి మాన్పించే ఇళ్లలో, కారణం చాలాసార్లు ఇక్కడ మొదలై ఉంటుంది.

ఇంట్లో ఎద్దులూ ఆవులూ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. కొమ్ములు కడిగి రంగు పూసేటప్పుడు పిల్లలను దగ్గరుంచుకుని కొమ్ము, గిట్ట, తోక, మూపురం, గంగడోలు అని చూపించి చెప్పండి. మెడ కింద వేలాడే చర్మానికి గంగడోలు అని పేరుందని తెలిసిన పిల్లలు ఇప్పుడు తరగతికి ఇద్దరు ముగ్గురే. టౌన్‌లో ఉండేవాళ్లకు గంగిరెద్దు వస్తే చాలు. తమిళులు దాన్ని బూం బూం మాడు అంటారు. ఆడించేవాళ్లలో చాలామంది ఇంటిభాష తెలుగే. వాళ్లను తెలుగులో పలకరించి చూడమని పిల్లలకు చెప్పండి.

మూడు భాషల తీగ

ఇంటి చుట్టూ ఉన్న తమిళ, కన్నడ స్నేహితులను అడిగి మూడు పేర్లు తెచ్చే పని మూడో తరగతిది. బెల్లం తమిళంలో వెల్లం, కన్నడంలో బెల్ల. చెరకు కరుంబు, కబ్బు. ముగ్గు కోలం, రంగోలి. పాలు పాల్, హాలు. పువ్వు పూ, హూవు. చివరి రెండూ చూస్తే మన "ప" ఉన్నచోట కన్నడంలో "హ" రావడం పిల్లలే పట్టేస్తారు. అప్పుడు అడగండి: హబ్బ అంటే మన ఏ మాట? పండుగా పబ్బం అనే మాటలోని పబ్బమే అది.

మన చుట్టూ ఉన్న భాషలు మన తెలుగుకు పోటీ అని పిల్లలకు నేర్పనక్కర్లేదు. మూడు పేర్లు తెలిసిన పిల్లకు తన పేరు ఏదో ఇంకా గట్టిగా తెలుస్తుంది.

పండుగ చేసుకోని ఇళ్ల పిల్లలూ మన బడిలో ఉన్నారు. వాళ్లకు వేరే పని ఇవ్వము, ఇదే పని వేరే తలుపు గుండా ఇస్తాము. కోత, పంట, చలికాలపు కూరగాయలు, సెలవుల్లో చేసిన ప్రయాణం, క్రిస్మస్‌కు కట్టిన నక్షత్రం, ఏదైనా సరే. మూడు ప్రశ్నల్లో "పండక్కి" అనేచోట "చలికాలంలో" అని మార్చుకుంటే సరి. గొబ్బెమ్మ పెట్టని ఇంటి పిల్లను గొబ్బెమ్మ గురించి రాయమనడం మా బడిలో జరగదు.

నీడ కొలత

మూడో తరగతికి ఇంకొకటి. 30 సెంటీమీటర్ల కర్రను ఎండ పడే చోట నిలువుగా పాతి, మధ్యాహ్నం సుమారు 12:30కు నీడ పొడవు కొలవాలి. వారానికి రెండుసార్లు చాలు. హోసూరులో డిసెంబరు 22 ప్రాంతంలో నీడ 22 సెంటీమీటర్లకు దగ్గరగా ఉంటుంది. సంక్రాంతి నాటికి 20, జనవరి ఆఖరుకు 17–18. సూర్యుడు ఉత్తరానికి జరుగుతున్నాడన్న మాటను పిల్లలు ఇట్లా స్కేలుతో చూస్తారు. నీడ తగ్గడం డిసెంబరు చివరి వారంలోనే మొదలవుతుందని, సంక్రాంతి దాకా ఆగదని కూడా వాళ్లకే తెలుస్తుంది. "మరి ఉత్తరాయణం పండుగనాడు అంటారు కదా" అని అడిగే పిల్లవాణ్ని మెచ్చుకోండి. సూర్యుడు మకరరాశిలోకి వచ్చే రోజు వేరు, నీడ తిరిగే రోజు వేరు. వెనకటి కాలంలో దగ్గరగా ఉన్న రెండూ శతాబ్దాలు గడిచేకొద్దీ దూరమయ్యాయి. మూడో తరగతికి ఇంతకన్నా వివరం అక్కర్లేదు.

గోడ సింగారం

ఇప్పుడు తరగతి గది. అంగట్లో దొరికే మెరుపుకాగితాలు, థర్మాకోలు అక్షరాలు, అచ్చువేసిన కార్టూన్ బొమ్మలు కొని పంపకండి. డబ్బు వృథా అన్నది ఒక సంగతి. వాటి మీద పిల్లలు చదవడానికి ఏమీ ఉండదన్నది అసలు సంగతి. మొదటి రోజు చూస్తారు, రెండో రోజు నుంచి ఆ గోడ వాళ్లకు కనబడదు. తాను రాసిన మాట ఉన్న గోడ దగ్గరికి పిల్లవాడు నెలంతా పోతాడు, పక్కవాణ్ని లాక్కుపోయి చూపిస్తాడు.

మా గదుల్లో కట్టేది మాటల తోరణం. పాత నోటుబుక్కు అట్టలను, పెళ్లిపత్రికల వెనుకవైపును మామిడాకు ఆకారంలో కత్తిరించి, ఒక్కో ఆకు మీద ఒక్కో మాట, వెనుక తెచ్చిన పిల్ల పేరు. పురికొసకు కుట్టి గది అడ్డంగా కడతాము. ఎత్తు ముఖ్యం: ఒకటో తరగతి పిల్లల కంటికి ఎదురుగా, నేల నుంచి మూడు, మూడున్నర అడుగుల్లో. పైకప్పు కింద కట్టిన తోరణం ఇన్‌స్పెక్టరు కోసం, పిల్లల కోసం కాదు. అక్షరం పెద్దదిగా, ముదురు రంగులో ఉండాలి, ఒత్తు మాత్రం వేరే రంగులో. టేపు అంటిస్తే గోడ సున్నం ఊడుతుంది, తాడూ క్లిప్పులూ వాడతాము. గది మధ్యలో నేల మీద సుద్దతో ముగ్గు. రోజుకొక బెంచీ వంతు. సాయంత్రం చెరిపేస్తాము. మరుసటి రోజు ఇంకొకటి వేయడానికే చెరిపేది.

తప్పుగా రాసిన ఆకును తీసేయము. పక్కన సరైన మాట రాసిన ఇంకో ఆకు కడతాము. ఆ పిల్ల తానే వచ్చి పాతది విప్పుకోవాలి.

భోగి గురించి రెండు మాటలు. పాత టైర్లు, ప్లాస్టిక్ వేయొద్దని తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి కూడా కోరుతూ వస్తోంది. చిన్నపిల్లల ఊపిరికి ఆ పొగ మంచిది కాదు. పాత తెలుగు వాచకాలు కూడా మంటలో వేయకండి, బడికి పంపండి. అందులోని బొమ్మలు, మాటలు కత్తిరించి మేము వాడుకుంటాము.

బడి తెరిచిన రోజు పిల్లలు తీసుకురావలసినవి: అవ్వ చెప్పిన మాట ఉన్న కాగితం, మాటలు రాసిన అట్ట ఆకులు మూడు, రెండో తరగతి వాళ్లయితే అనపకాయల లెక్క, మూడో తరగతి వాళ్లయితే మూడు భాషల మాటలు, అంతవరకు కొలిచిన నీడలు. కాగితం నలిగినా, నూనె మరక పడినా ఏం ఫరవాలేదు. ఇంట్లో రాసిపెట్టేవాళ్లు లేకపోతే పిల్లలు నోటితో చెబితే టీచరు రాసుకుంటారు. నీడ కొలత జనవరి 31 దాకా సాగుతుంది. తోరణం ఫిబ్రవరి మొదటి వారంలో విప్పుతాము. ఎవరి ఆకు వాళ్లు ఇంటికి తీసుకుపోవచ్చు.